అంగుళమే కదా తేడా!

పోయిన వానాకాలం ఊరెళ్ళి చూస్తే మా డాబా మీద చీలమండ లోతు నీళ్ళు. చుట్టూ పిట్టగోడ ఉంది కదా, చిన్నపాటి చెరువే. అంతకుముందు ఏడాదే పాత ఇనప గొట్టాలు తుప్పు పట్టాయని నాన్న మార్పించారు. నాలుగంగుళాలవి తీసేసి మూడంగుళాల పీవీసీ వేశారు. "అంగుళమే కదా తేడా, ఏం కాదండీ" అన్నాడట మేస్త్రీ. నాన్న ఫోన్ చేసి అడిగితే నేనూ "సరే కానివ్వండి" అన్నా. ఇంజినీరింగు చదివినవాణ్ణి మరి! నీళ్ళు స్లాబులోకి దిగి హాల్లో సీలింగు పెచ్చులు రాలుతున్నాయి.

సిగ్గేసి కూర్చుని చదివా. ఎంత వానకి ఎంత గొట్టం అన్న ప్రశ్నకి జవాబు అంత తేలిగ్గా ఏమీ రాలేదు.

19వ శతాబ్దం మధ్యలో లండన్‌లో జాన్ రో అని ఒకాయన హోబర్న్, ఫిన్స్‌బరీ మురుగుకాలవలు చూసుకునేవాడు. ఏళ్ళ తరబడి గమనించి, ఇన్ని ఎకరాలకి ఇంత కాలవ అని ఒక పట్టిక తయారుచేశాడు. అంతా అనుభవం మీదే. ఇబ్బందల్లా అది లండన్ వానకి, లండన్ నేలకి సరిపోయే పట్టిక.

1851లో ఐర్లండ్ ఇంజినీరు థామస్ ముల్వనీ అసలు కిటుకు పట్టుకున్నాడు. వరద తారస్థాయికి చేరేదెప్పుడు? అన్నిటికన్నా దూరాన పడ్డ చినుకు కూడా దిగువకి వచ్చి కలిసినప్పుడు. అంటే ఆ చినుకు ప్రయాణానికి పట్టేంత సేపట్లో వాన ఎంత జోరుగా కురిసిందన్నదే లెక్క. రోజు మొత్తం మీద ఎన్ని సెంటీమీటర్లు పడిందన్నది కాదు. 1889లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఎమిల్ కుయిచ్లింగ్ ఇదే ఆలోచనని నగరం కాలవలకి వర్తింపజేశాడు: వాన జోరు, విస్తీర్ణం, అందులో పారే వంతు.. ఈ మూడింటి గుణకారం. అదే ఏడాది ఐర్లండ్‌లో రాబర్ట్ మానింగ్ తన ప్రవాహ సూత్రం వినిపించాడు. ఒకరు ఎన్ని నీళ్ళొస్తాయో చెబితే, ఇంకొకరు ఎన్ని పోతాయో చెప్పారన్నమాట.

మన భాషలో చెప్పాలంటే సర్వర్‌ని రోజువారీ సగటు చూసి కొనం కదా, పీక్ లోడ్ చూసి కొంటాం. డాబా మీద చినుకు తూము చేరడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపటి కుంభవృష్టే మన పీక్.

ఇప్పుడు మా ఇంటి లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మా డాబా 80 చదరపు మీటర్లు. గంటకి 100 మిల్లీమీటర్ల జోరు అనుకుంటే గంటకి 8,000 లీటర్లు, అంటే సెకనుకి రెండు లీటర్ల పైనే. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ పట్టిక ప్రకారం ఈ జోరుకి 75 మిల్లీమీటర్ల గొట్టం ఒక్కోటి 20.4 చదరపు మీటర్ల కప్పుకి, 100 మిల్లీమీటర్లది 42.7కి సరిపోతాయి. అంగుళం తేడాకి సామర్థ్యం సగానికి పైగా పడిపోయింది! పైగా నిలువు గొట్టం నిండుగా పారదు. నీళ్ళు గోడలనంటుకుని జారితే మధ్యలో గాలి ఉంటుంది.

మాకున్నవి రెండు గొట్టాలు. పాతవైతే 85 చదరపు మీటర్లకి సరిపోయేవి. కొత్తవి 41కి కూడా చాలవు. తాతయ్య హయాంలో ఇల్లు కట్టిన మేస్త్రీ ఏ పట్టికా చూసుండడు. జాన్ రో లాగా ఎన్నో వానలు చూసుంటాడు, అంతే. ఆయన ఇచ్చిన సైజుని మేం కారణం అడక్కుండా మార్చేశాం. పాత కోడ్‌లో ఎందుకుందో తెలియని లైను తీసేస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా?

అందుకే మీ ఇంట్లో గొట్టాలు మారుస్తుంటే పాతదానికన్నా చిన్నది మాత్రం వేయనివ్వకండి. మధ్యలో ఒక్క వంపు ఇరుకైనా మొత్తం గొట్టం అంతే సన్నం. డాబా మీద కొత్తగా గది వేసి, దాని పైనీళ్ళు కూడా వేరే చోటి నుంచి మళ్ళిస్తుంటే లెక్క మళ్ళీ మొదట్నించి వేసుకోండి.

మేం మళ్ళీ నాలుగంగుళాలవే వేయించాం. ఈసారి నాన్న ఫోన్ చేసినప్పుడు సరే అనకుండా, "ఎన్ని చదరపు మీటర్లు?" అని అడిగా. "ఇది ముందే అడగొచ్చుగా" అన్నారు. నిజమే.