చావడి నుండి లాడ్జీ దాకా: ముసాఫిర్ల ఆశ్రయం

మూడు తరాలుగా కడప రైల్వే స్టేషన్ దాపున బాటసారులకు పడక, కూడు అమర్చి పెట్టడమే మా వృత్తి. "మీ లాడ్జీ అనుభవాలు ఈ సంచికకు వ్రాసి ఇవ్వండి" అని పెద్దలు అడిగారు. అనుభవాలంటే అద్దెలూ, తాళంచెవులే గదా అనుకొన్నాము. తీరా కలం పట్టుకొంటే, ఊరికి వచ్చిన పరాయివాణ్ణి ఊరు ఎట్లా చూసుకొన్నదో చెప్పే చరిత్రంతా ఇందులోనే ఉన్నదని తోచింది. ఆ నాలుగు మాటలే ఇక్కడ మనవి చేస్తున్నాము.

మన తెలుగుదేశంలో పూటకూళ్ళ ఇల్లు ఇవాళ నిన్న పుట్టింది కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించే 'క్రీడాభిరామం'లో ఒక రూక ఇస్తే కమ్మని భోజనం పెట్టే పూటకూటింటి ముచ్చట వస్తుంది. డబ్బు ఇచ్చి తినేవారికి పూటకూళ్ళ ఇల్లు, డబ్బు లేనివారికి సత్రం, ఏమీ అడగకుండా ఒళ్ళు వాల్చడానికి ఊరి చావడి. ఇవి మూడూ ఎప్పటినుంచో ఉన్నవే.

సరాయి అన్న మాట పారసీకం నుండి వచ్చింది. కారవానులు, అంటే బిడారులు, దిగే చోటు కాబట్టి కారవాన్ సరాయి. ఉత్తరాదిని 1540 నుండి 1545 వరకు ఏలిన షేర్‌షా తన రహదారుల వెంట వరుసగా సరాయిలు కట్టించాడు. వాటిలో హిందువులకూ ముస్లిములకూ ఎవరి ఆచారం ప్రకారం వారికి నీళ్ళూ వంటా వేరువేరుగా అమర్చారని చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ వ్రాశాడు. దక్కనులో కుతుబ్‌షాహీ సుల్తానులు కూడా ఈ మేలు మరువలేదు. గోల్కొండ దారిలో షేక్‌పేట సరాయి ఈనాటికీ నిలిచి ఉన్నది. మచిలీపట్నం వైపు పోయే దారిలో హయాత్‌నగర్ ఉన్నది గదా, అక్కడి మసీదు ఆ సుల్తానుల కాలం నాటిదే. దాని ప్రాంగణం చుట్టూ బాటసారుల గదులు కట్టారు. పక్కనే పెద్ద బావి. నమాజుకు మసీదు, దాహానికి బావి, నిద్రకు గది. హైదరాబాదులోని కార్వాన్ పేట పేరులో ఆ బిడారుల జాడ ఇంకా మిగిలే ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సరాయిని గోడలు నిలపలేదు, ఏర్పాటు నిలిపింది. కట్టించినవారు ఊరకే కట్టించి వెళ్ళిపోతే నాలుగు వానలకు కప్పు కారుతుంది. అందుకే కొందరు అంగళ్ళ బాడుగో, తోట ఫలసాయమో వక్ఫు చేసి పెట్టేవారు. హిందూ దాతలు సత్రాలకు మాన్యాలు వ్రాసి ఇచ్చిందీ ఇందుకే. జకాత్ అందుకోదగిన ఎనిమిది తెగలవారిలో ముసాఫిరు కూడా ఒకడని మనకు తెలిసిందే. అతడు సొంత ఊళ్ళో కలవాడే కావచ్చు, దారిలో చిక్కుపడితే మాత్రం ఆసరాకు హక్కు గలవాడే.

సరాయి నడిపేవారిని ఉత్తరాదిలో భటియారాలు అనేవారు. పొయ్యి వెలిగించడం, మంచాలు వేయడం, గుర్రాలకు దాణా పెట్టించడం, అంతా వారి పనే. బ్రిటిషు ప్రభుత్వం 1867లో సరాయిల చట్టం చేసింది. గదులూ బావులూ శుభ్రంగా ఉంచాలి, కావలివాళ్ళను పెట్టాలి, అద్దెల పట్టిక అందరికీ కనబడేట్టు తగిలించాలి, అంటురోగం వస్తే వెంటనే పోలీసులకు తెలపాలి అని అందులో ఉన్నది. దొంగలు ఎక్కి దూకడానికి వీలిచ్చే చెట్టుకొమ్మలు కొట్టివేయాలని కూడా ఉన్నది! చదివితే నవ్వు వస్తుంది గాని, ఆ చట్టం వ్రాసినవాడు సరాయి నడిపేవాడి రాత్రి భయం బాగా ఎరిగినవాడే.

ఇక మా ఊరి మాట. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుండి కాశీకి బయలుదేరి కడప మీదుగానే పోయారు. ఆనాడు ప్రయాణమంటే నెలల తరబడి సత్రాలూ మజిలీలే. తర్వాత రైలు వచ్చింది. 1871లో మద్రాసు వైపు పట్టాలూ బొంబాయి వైపు పట్టాలూ రాయచూరులో కలిశాయి. ఆ దారి మీదనే మా కడప. అప్పటినుండి బాటసారి చావడి వదిలి స్టేషన్ దగ్గర దిగడం మొదలుపెట్టాడు.

మా దాదా స్వాతంత్ర్యానికి ముందే అక్కడ ఒక పెంకుటిల్లు తీసుకొని చాపలు, లాంతర్లు పెట్టుకొని కూర్చున్నారు. పసుపు బస్తాలు, నాపరాళ్ళు తోలుకొచ్చిన బండ్లవాళ్ళు రాత్రి దిగేవారు. "సాయిబుమామా, రాత్రికి ఇంత చోటు దొరుకుతాదా?" అన్నదే వాళ్ళ దరఖాస్తు. సంకటి, ఊరిమిండి పెట్టి, ఎద్దులకు గడ్డి వేయించి, పొద్దున లెక్క చూసుకొనేవారు. శాకాహారులకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు ఉండేవి. ఇది ఎవరో చెప్పి చేయించింది కాదు, ఇంటికి వచ్చినవాడి మర్యాద.

మా కడపను తిరుమలకు తొలి గడప అంటారు. కొండకు పోయే యాత్రికులు ఇక్కడ దేవుని కడప వెంకటేశ్వరస్వామిని చూసి పోతారు. ఉగాది నాడు ముస్లిము కుటుంబాలు కూడా ఆ గుడికి పోతాయి. బీబీ నాంచారి మన ఇంటి బిడ్డ అని వారి నమ్మకం. పెద్ద దర్గా ఉరుసు వస్తే అన్ని మతాలవారూ వస్తారు. ఇట్లా ఒక పండుగకు ఒకరు, ఇంకో పండుగకు ఇంకొకరు మా వరండాలో పక్కపక్కన పడుకొని లేచినవారే. మతసామరస్యం గురించి మేము ఉపన్యాసాలు విన్నది తర్వాత, పక్కలు వేసింది ముందు.

1958లో ఆర్టీసీ ఏర్పడింది. బస్సులు పెరిగాయి, బండ్లవాళ్ళు తగ్గారు. 1970ల నుండి గల్ఫు ప్రయాణాలు మొదలైనాయి. రాయచోటి వైపు పల్లెల నుండి కువైట్‌కు పోయేవారు బొంబాయి రైలు కోసం మా దగ్గర ఆగేవారు. అప్పటికి మా అబ్బాజాన్ చాపలు తీసి మంచాలు వేశారు, పెంకులు తీసి మిద్దె కట్టారు, "లాడ్జీ" అని బోర్డు పెట్టారు. అయినా ఆయన పని గదులు ఇవ్వడంతో సరిపోయేది కాదు. ఉత్తరాలు చదివి పెట్టాలి, ఫారాలు నింపాలి, సాగనంపడానికి వచ్చి రైలు కదిలాక కూలబడిన తల్లికి ఇన్ని మంచినీళ్ళు ఇవ్వాలి. పోయినవాడు రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగి వస్తే ముందుగా మా గడపలోనే పెట్టె దించి, "భాయ్, మా అమ్మ బాగుందా?" అని అడిగేవాడు.

ఇప్పటి కాలాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. గదిలోనే స్నానాలగది వచ్చింది. ఆడవాళ్ళు ఒంటరిగా వచ్చినా లోపలి గడియ వేసుకొని ధైర్యంగా నిద్రపోగలుగుతున్నారు. ఫోనులోనే గది ఖాయం చేసుకొంటున్నారు. గుర్తింపు కార్డు చూడటం అందరి క్షేమానికే. కాని పాతరోజుల్లో "ఏ ఊరు, ఏం పని మీద వచ్చినావు, తిన్నావా" అని అడిగేవాళ్ళం. ఇప్పుడు కార్డు నంబరు వ్రాసుకొని తాళం ఇస్తున్నాము. మనిషి వివరాలు పెరిగాయి, మనిషి మాత్రం దూరమైనాడు. డబ్బున్నవాడికి ఇది లోటు కాదు. డబ్బు లేనివాడికి తలుపే లేకుండా పోయింది.

2020 మార్చిలో రైళ్ళు నిలిచిపోయినాయి. దేశమంతా కూలి జనం కాలినడకన ఊళ్ళకు బయలుదేరారు. తినడానికి లేక, ఉండటానికి లేక రోడ్ల వెంట నడిచిన వారిని చూచినప్పుడు, చావడి ఎందుకు కట్టారో, సరాయికి వక్ఫు ఎందుకు వ్రాశారో మనకు తిరిగి అర్థమైంది. ఎక్కడికక్కడ జనం అన్నం వండి పంచారు. చేయగల మనసు మనలో చావలేదన్నమాట. లేనిది ఏర్పాటే.

అందుచేత సొసైటీ పెద్దలకు ఒక విన్నపం. ఈనాటి ముసాఫిరు బండి తోలుకొచ్చేవాడు కాదు. జిల్లా నలుమూలల నుండి రోగిని తెచ్చి, ఆసుపత్రి వరండాలో గోనెపట్టా మీద రాత్రులు గడిపే భార్య, కొడుకు, ముసలి తండ్రి. వారి చేతి డబ్బు మందులకే చాలదు, లాడ్జీకి ఎక్కడ తెస్తారు? సొసైటీ రెండు గదులు, ఒక వంటపొయ్యి ఏర్పాటు చేస్తే చాలు. అయితే చందాలతో గదులు కట్టి రిబ్బను కత్తిరించి ఊరుకొంటే, అది నాలుగు వానల ముచ్చటే అవుతుంది. పూర్వులు చేసినట్లే, ముందుగా ఒకటి రెండు అంగళ్ళ బాడుగ దీనికని విడిగా పెట్టాలి. కులం, మతం అడగకుండా చోటు ఇవ్వాలి. ఆ గదులు చూసుకొనే మనిషిని మాత్రం జాగ్రత్తగా ఎంచాలి. తాళం ఇచ్చే ముందు "తిన్నావా?" అని అడిగేవాడై ఉండాలి.

మంచాలు, పరుపులు, దుప్పట్లు మా వంతు. తక్కింది ఈ సంవత్సరం సర్వసభ్య సమావేశంలో పెద్దలందరూ కూర్చుని తీర్మానించవలసిందిగా కోరుతున్నాము.