పగలడం నేర్చిన కాంక్రీటు

వంతెన మీద కారు పోతుంటే ఉండుండి చక్రాల కింద ‘డబ్ డబ్’ మంటుంది. శ్లాబుకీ శ్లాబుకీ మధ్య వదిలిన సందు చప్పుడు అది. ఎండకు సాగి చలికి ముడుచుకునే వంతెనకు ఆ కాస్త ఖాళీ ఉండాలి. ఇంజనీర్లు ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటారు. అమెరికాలోని మిషిగన్ లాంటి మంచు రాష్ట్రంలో వంతెనకు రోగం తరచూ అక్కడే మొదలవుతుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు సందులోంచి కారి దూలాల కొసల మీద పడతాయి. ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది.

సందునే మూసేస్తే? మూయొచ్చు. కానీ మామూలు కాంక్రీటు లాగితే మీటరుకు మిల్లీమీటరులో పదో వంతు సాగుతుంది, అంతే. ఆపైన పుటుక్కుమంటుంది.

ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ విక్టర్ లీ 1990ల మొదట్లో పట్టుకున్న సమస్య ఇదే. సిమెంటులో పీచు కలపడం అప్పటికే ఉంది. ఆ మాటకొస్తే గోడకు మట్టి తొక్కేటప్పుడు గడ్డి కలపడం మన పల్లెలకూ తెలుసు. ఎంత పీచు, ఎలాంటి పీచు అన్నది మాత్రం ఎక్కువగా వేసి చూసి తేల్చుకునేవారు. లీ లెక్కకు దిగాడు. ఒక్క పీచు, దాని చుట్టూ సిమెంటు, రెంటి మధ్య పట్టు: ఈ మూడింటినీ కలిపి చూశాడు.

అసలు కిటుకు పగుళ్లు రాకుండా ఆపడంలో లేదు. ఒక పగులు నోరు తెరిచేలోపు దానికి అడ్డంగా ఉన్న పీచులు బరువు మోయాలి. అప్పుడు ఆ లాగుడు పక్కకు పోయి ఇంకోచోట కొత్త నెర్రె తెస్తుంది. ఇలా ఒక్క పెద్ద చీలికకు బదులు వందల సన్న నెర్రెలు. అది జరగాలంటే సిమెంటు ముద్ద మరీ మొండిగా ఉండకూడదు. అందుకే కంకర తీసేశారు. సన్నటి ఇసుక, సిమెంటు, ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద మిగిలాయి. కంకర లేకుండా కాంక్రీటు పొయ్యమంటే మన మేస్త్రీ నవ్వి ఊరుకుంటాడు!

పీచు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మొదట వాడిన పాలిథిలిన్ పీచు ఖరీదెక్కువ. జపాన్ నుంచి వచ్చే పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) పీచు చవక, కానీ దానికి సిమెంటంటే మహా ఇష్టం. ఎంత గట్టిగా అంటుకుంటుందంటే, లాగితే జారకుండా తెగిపోతుంది. దానికి కాస్త నూనె పూత పూశారు. పట్టు సడలింది, పీచు తెగకుండా మెల్లగా జారడం మొదలుపెట్టింది. పీచు మందం 39 మైక్రాన్లు, మొత్తం పరిమాణంలో వాటా 2 శాతం. దాంతో ఆ పదార్థం 3 నుంచి 5 శాతం దాకా సాగింది. అంటే మీటరుకు మూడు సెంటీమీటర్ల పైమాటే. దీని పేరు ఇంజనీర్డ్ సిమెంటీషియస్ కాంపోజిట్, పొట్టిగా ఈసీసీ. పలకగా పోసి వంచితే రేకులా వంగుతుంది.

నెర్రెలు సుమారు 60 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతాయి, దాదాపు వెంట్రుక మందం. అన్ని నెర్రెలుంటే నీళ్లు దిగవా అన్న అనుమానం సహజమే. ఒక పగులులోంచి పారే నీరు దాని వెడల్పు ఘనంతో పెరుగుతుంది. ఒక పగులును సగం వెడల్పున్న రెండుగా విడదీస్తే మొత్తం ప్రవాహం నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా ఇంత సన్న నెర్రెలు తడిసి ఆరుతుంటే వాటంతటవే పూడతాయి. లోపల ఇంకా తడి తగలని సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తోడై తెల్లటి సున్నపురాయి పేరుకుంటుంది. లీ బృందం దీన్ని 2009లో ప్రయోగాలతో చూపించింది.

ప్రయోగశాల వేరు, రోడ్డు వేరు. 2002లో ఆన్ ఆర్బర్ దగ్గర కర్టిస్ రోడ్ వంతెన మీద ఒక అతుకు ఈసీసీతో వేశారు, పక్కనే మామూలు మరమ్మతు కాంక్రీటు ఉంది. కొన్ని చలికాలాలు గడిచేసరికి మామూలు అతుకు పగిలి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఈసీసీలో నెర్రెలు సన్నగానే ఉండిపోయాయి. ఆ ధైర్యంతో 2005లో ఇప్సిలాంటిలో ఐ-94 హైవే మీదుగా వెళ్లే గ్రోవ్ స్ట్రీట్ వంతెనకు, సందు ఉండాల్సిన చోట ఈసీసీ లింక్ శ్లాబు పోశారు. ఈ పనిలో లీతో పాటు పరిశోధకుడు మైకేల్ లెపెక్ ఉన్నాడు.

మంచుకు సరే, వేడికో? 60 డిగ్రీల నీళ్లలో 26 వారాలు నానబెట్టి చూశారు. సాగుడు 4.5 శాతం నుంచి 2.75కి తగ్గింది. తగ్గినదాన్ని దాచకుండా ప్రకటించడం నాకు నచ్చింది. ఆ మిగిలిందే మామూలు కాంక్రీటుకు 200 రెట్లు దాటుతుంది. బంగాళాఖాతం ఒడ్డున, ఉప్పుగాలిలో వంతెనలు కట్టుకునే మనకు మంచు ప్రయోగాల కన్నా ఈ అంకె మీదే కన్ను పడుతుంది.

ధర మాత్రం మామూలు కాంక్రీటు కన్నా బాగా ఎక్కువ, అందులో పీచుదే పెద్ద వాటా. అందుకే గ్రోవ్ స్ట్రీట్‌లో వంతెనంతా దీంతో పోయలేదు. సాగాల్సిన ఆ పట్టీ వరకే ఈసీసీ, మిగతాదంతా మామూలు కంకర కాంక్రీటే.