గుండె లయ చికిత్సకు దారి చూపే సిరల చిత్రాలు

నేపథ్య వ్యాసం

దీర్ఘకాలం కొనసాగే గుండె లయ రుగ్మతలలో అత్యధికంగా కనిపించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఈ రుగ్మతలో గుండె పై గదులైన కర్ణికలు క్రమబద్ధంగా ముడుచుకోక అస్తవ్యస్తంగా కంపిస్తాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ రోగులకు పక్షవాతం ముప్పు ఇతరులతో పోలిస్తే దాదాపు 5 రెట్లు అధికమని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం వెల్లడించింది.

సిరలలోనే మూలం

ఫ్రాన్స్‌లోని బోర్డో నగర వైద్యుడు మిషెల్ ఐసాగెర్ బృందం 1998లో 45 మంది రోగులను పరిశీలించింది. లయను చెదరగొట్టే 69 విద్యుత్ కేంద్రాలను గుర్తించగా, వాటిలో 94 శాతం పుపుస సిరలలోనే ఉన్నట్లు తేలింది. ఊపిరితిత్తుల నుండి శుద్ధ రక్తాన్ని ఎడమ కర్ణికకు చేర్చేవి ఈ సిరలే. తొడ సిర గుండా కాథెటర్‌ను గుండెలోకి పంపి, పుపుస సిరల ద్వారాల చుట్టూ ఉన్న కణజాలాన్ని వేడితో గానీ అతిశీతలంతో గానీ నిర్జీవం చేసి, ఆ సంకేతాలు కర్ణికకు చేరకుండా అడ్డుకోవడమే అబ్లేషన్ చికిత్స.

ముందస్తు చిత్రాల ఆవశ్యకత

సాధారణంగా కుడివైపు రెండు, ఎడమవైపు రెండు పుపుస సిరలు ఉంటాయి. అయితే కొందరిలో ఎడమ సిరలు రెండూ కలిసి ఒకే ద్వారంగా తెరుచుకుంటాయి. మరికొందరిలో కుడివైపు అదనపు సిర ఉంటుంది. చికిత్స గదిలోని ఎక్స్‌రే తెరపై కాథెటర్ స్పష్టంగా కనిపించినా సిర గోడలు కనిపించవు. సి.టి. లేదా ఎం.ఆర్. స్కాన్ ద్వారా సిరల సంఖ్య, ద్వారాల పరిమాణం, కర్ణికకు వెనుకనే ఉండే అన్నవాహిక స్థానం ముందుగానే తెలుస్తాయి. ఈ చిత్రాన్ని కంప్యూటర్‌లోని త్రిపరిమాణ విద్యుత్ పటంతో జోడించే వీలు కూడా ఉంది.

అయితే స్కాన్ తీసిన సమయానికి, చికిత్స సమయానికి మధ్య కర్ణిక పరిమాణం, అన్నవాహిక స్థానం మారవచ్చు. అందువల్ల పలు కేంద్రాలలో గుండె లోపలి నుండే తీసే అల్ట్రాసౌండ్ చిత్రాలను కూడా వినియోగిస్తున్నారు.

చికిత్స అనంతరం

తొలినాళ్లలో సిరల లోపలే వేడిని ప్రయోగించడం వలన కొందరిలో సిరలు కుంచించుకుపోయాయి. ద్వారం వెలుపల చికిత్స చేయడం మొదలైన తరువాత ఈ సమస్య బాగా తగ్గింది. అయినప్పటికీ వారాలు, నెలల తరువాత దగ్గు, ఆయాసం, కళ్లెలో రక్తం కనిపిస్తే దానిని న్యుమోనియాగానో, క్షయగానో పొరబడే అవకాశం ఉంది. అప్పుడు తీసిన స్కాన్‌ను చికిత్సకు ముందు తీసిన చిత్రంతో పోల్చి చూస్తే సిర ఎంత కుంచించుకుపోయిందో తెలుస్తుంది. కనుక రోగులు పాత స్కాన్‌ను భద్రపరచుకోవాలి. ఏ వైద్యుని సంప్రదించినా అబ్లేషన్ జరిగిన విషయాన్ని తెలియజేయాలి.

జాగ్రత్తలు

సి.టి. స్కాన్‌లో రేడియేషన్, అయోడిన్ మందు వినియోగం ఉంటాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు ముందుగానే ఆ విషయం వైద్యునికి తెలపాలి. విద్యుత్ స్పందనలతో చేసే పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌కు అమెరికాలో 2023 డిసెంబరులో తొలి అనుమతి లభించింది. ఈ పద్ధతిలో సిరలు కుంచించుకుపోయే ముప్పు తక్కువ. అబ్లేషన్ అనంతరం లయ కుదుటపడినప్పటికీ, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులను రోగులు తమంతట తాముగా మానరాదు. పక్షవాతం ముప్పును అంచనా వేసి వైద్యులే నిర్ణయించాలి.