రిచ్‌మండ్: ఒక స్థలనామ ప్రస్థానం

స్థలనామాన్ని పూర్వపద, ఉత్తరపదాలుగా విభజించి, వాటి అర్థాన్ని నిర్ణయించి, ఆ అర్థాన్ని ఊరి నైసర్గిక స్వరూపంతో సరిపోల్చడం స్థలనామ పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. ఈ పద్ధతి ఎంతవరకు చెల్లుతుందో నిర్ధారించుకోవడానికి 'రిచ్‌మండ్' అనే ఆంగ్ల స్థలనామ చరిత్ర ఉపకరిస్తుంది.

ఈ నామం జన్మతః ఆంగ్లం కాదు. పాత ఫ్రెంచి భాషలో 'రిచె' అనగా బలమైన, సంపన్నమైన అని అర్థం. 'మోంట్' అనగా కొండ. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన పిమ్మట, అలన్ రూఫస్ అనే బ్రెటన్ ప్రభువు 1071 ప్రాంతంలో యార్క్‌షైర్‌లోని స్వేల్ నది ఒడ్డున, ఎత్తైన రాతిగుట్టపై కోట కట్టించాడు. ఆ కోటకూ, దాని నీడన పెరిగిన పట్టణానికీ ఈ నామం ఏర్పడింది. ఫ్రాన్స్‌లోనూ ఇదే నామం గల ఊళ్లున్నందున ఇది అక్కడినుండి వచ్చినదైనా కావచ్చు. ఏమైనా, ఇక్కడ అర్థం స్థలానికి అతికింది. ఆధునిక ఫ్రెంచిలో 'ష'కారంగా మారిన ధ్వని ఆంగ్లంలో 'చ'కారంగానే నిలవడం ఈ ఆదానం ప్రాచీనతకు సాక్ష్యం.

రెండవ దశలో నామానికి ఆధారం బిరుదు. 1485లో సింహాసనమెక్కిన ఏడవ హెన్రీ అంతకుముందు రిచ్‌మండ్ ఎర్ల్. లండన్ సమీపాన థేమ్స్ తీరంలోని షీన్ రాజభవనం 1497లో దగ్ధం కాగా, దానిని పునర్నిర్మించి తన పూర్వపు బిరుదు పేర రిచ్‌మండ్ అని పిలిపించాడు. ఆ భవనం ఏ కొండపైనా లేదు, నదీతీరాన ఉన్నది.

మూడవ దశకు సాదృశ్యం కారణం. 1737లో వర్జీనియాలో పట్టణానికి రూపకల్పన చేయించిన రెండవ విలియం బర్డ్, అక్కడి జేమ్స్ నది వంపు థేమ్స్ తీరపు రిచ్‌మండ్ దృశ్యాన్ని తలపించడంతో ఆ పేరు పెట్టాడని ప్రసిద్ధి.

నాలుగవది గౌరవార్థ నామకరణం. రెండవ చార్లెస్ కుమారుడు చార్లెస్ లెనాక్స్ 1675లో రిచ్‌మండ్ డ్యూక్ అయ్యాడు. ఆయన పేరిట న్యూయార్క్ ప్రాంతంలో 1683లో రిచ్‌మండ్ కౌంటీ ఏర్పడింది. ఆ వంశపు మూడవ డ్యూక్ పేరు 1789లో ఆస్ట్రేలియాలోని రిచ్‌మండ్ హిల్‌కు వచ్చింది. దాని సమీపాన 1810లో గవర్నర్ మక్వారీ నెలకొల్పిన పట్టణమూ రిచ్‌మండ్ అయింది.

ఈ నాలుగు దశలలో వ్యుత్పత్తి వివరింపగలిగినది మొదటిదానినే. తక్కినవాటిలో పదార్థం అంతరించి, నామం బిరుదుకో జ్ఞాపకానికో సంకేతమైంది. అంతేకాక, సమాన నామం గల ఊళ్ల మధ్య జనుల వలస జరిగిందని ఊహించడానికీ ఆధారం లేదు. తుంగభద్రా తీరపు విజయనగరానికీ, విజయరామరాజు పేర వెలసినదిగా ప్రసిద్ధమైన ఉత్తరాంధ్ర విజయనగరానికీ ఉన్న నామసామ్యాన్నీ ఈ జాగ్రత్తతోనే పరిశీలించాలి. నామార్థంతోపాటు, దానిని ఎవరు, ఎప్పుడు, దేనిని ఉద్దేశించి పెట్టారన్నది కూడా నిర్ణయించినప్పుడే స్థలనామం చరిత్రకు ప్రమాణం కాగలదు.