పందెం కాని ప్రయాణం: సైకిలు దూరయాత్రల పూర్వచరిత్ర

ఒక చలికాలపు ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు, ఒకే కాలేజీలో పాఠాలు చెప్పే మేము నలుగురం హైదరాబాదులో సైకిళ్లెక్కి, విజయవాడ రహదారి మీద నూరు కిలోమీటర్లు పోయి తిరిగి రావలెనని బయలుదేరినాము. అటువంటి యాత్ర మాకందరికీ అదే మొదటిది. మొత్తం 200 కిలోమీటర్లు, గడువు పదమూడున్నర గంటలు. దారిలో నిర్ణయించిన చోట్ల చేతిలోని కార్డుపై ముద్ర వేయించుకోవలె. మొదట వచ్చినవానికి బహుమానం లేదు, చివర వచ్చినవానికి అవమానమూ లేదు. “ఈ పదమూడున్నర ఎక్కడి లెక్కండీ?” అని మా గణితం మాస్టారు దారిలో అడిగినారు. ఆనాడు నావద్ద జవాబు లేదు. తరువాత వెదకగా తెలిసిన సంగతులే ఈ వ్యాసం.

1891లో పారిస్ నగరంలో పియేర్ జిఫార్ అనే పత్రికా సంపాదకుడు ఉండేవాడు. సైకిలు వేడుకకు పనికివచ్చే వస్తువే గాని దూరప్రయాణానికి పనికిరాదని చాలామంది అనుకొనే రోజులవి. పారిస్ నుండి పడమటి సముద్రతీరాన ఉన్న బ్రెస్ట్ పట్టణానికి పోయి తిరిగి రావడమనే పరీక్షను ఆయన ఏర్పాటు చేసినాడు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. తిండి, బట్టలు ఎవరివి వారే మోసుకొనవలె. ఎక్కిన సైకిలునే చివరిదాకా తొక్కవలె. సెప్టెంబరు 6వ తేదీన రెండువందలకు పైగా మనుష్యులు బయలుదేరినారు.

ఇక్కడ గాలి టైరు సంగతి కొంచెం చెప్పుకోవలె. అంతకు పూర్వపు చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలుండేవి. గట్టి చక్రం రాయి నెక్కినప్పుడు సైకిలూ మనిషీ కలిసి పైకి లేవవలె. అందుకు ఖర్చయిన శక్తిలో ఎక్కువ భాగం కుదుపుగా వ్యర్థమై పోతుంది, తిరిగి ముందుకు నెట్టదు. గాలి టైరులోనైతే రాయి తగిలినచోట టైరు నొక్కుకొని మరల తన ఆకారానికి వస్తుంది. మనిషి ఉన్న ఎత్తున దాదాపు అట్లే సాగిపోతాడు. 1845లోనే రాబర్ట్ థామ్సన్ దీనికి పేటెంటు పొందినా ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన డన్లప్ తన కుమారుని మూడుచక్రాల బండికి గాలి టైరు తొడిగిన తరువాతనే లోకం మేలుకొన్నది. అయితే ఆ టైరును చక్రానికి అతికించేవారు; పంచరు పడితే బాగుచేయడం గంటల పని. 1891లో మిషెలిన్ సోదరులు సులువుగా ఊడదీయగల టైరు తయారుచేసినారు. బ్రెస్ట్ యాత్రలో షార్ల్ తెరోఁ తొక్కినది ఆ టైర్ల మీదనే. జియెల్‌-లావాల్ అనే ప్రత్యర్థి మూడవ రాత్రి నిద్రపోతూ ఉండగా ఆతడు దాటిపోయి, తాను కన్ను మూయకనే 71 గంటల 22 నిమిషాలలో పారిస్ చేరినాడు.

చరిత్రకారులు తెరోఁ పేరే వ్రాస్తారు. నాకు మాత్రం ఆ వెనుక రోజుల తరబడి ఒక్కొక్కరుగా వచ్చి చేరిన సుమారు నూరుమంది మీదనే మనసు పోతుంది. సైకిలు సామాన్యుని వాహనమని ఋజువు చేసినవారు వారే గదా!

గెలుపు కోసం కాక, కలిసి పూర్తిచేయడం కోసమే తొక్కడమనే ఆలోచన ఇటలీ దేశంలో రూపుగట్టినది. 1897 జూన్ 12న పన్నెండుమంది మిత్రులు రోము నుండి నేపుల్స్‌కు, సుమారు 230 కిలోమీటర్లు, పగటివెలుగులోనే చేరవలెనని బయలుదేరినారు. తొమ్మిదిమంది చేరినారు. సాహసం అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుండి ఇటువంటి యాత్రలకు ‘ఆడాక్స్’ అనే పేరు వచ్చినది. 1904లో ఆఁరి దెగ్రాఁజ్ ఫ్రాన్సులో వీటికి నియమాలు వ్రాసినాడు. అంతకు ముందటి సంవత్సరమే టూర్ ద ఫ్రాన్స్ పందెం ప్రారంభించినది ఆయనయే. ఆయన నియమం ప్రకారం గుంపు ఒకే వేగంతో నాయకుని వెనుకనే నడువవలె. 1921లో అభిప్రాయభేదాలు వచ్చి, పారిస్ ఆడాక్స్ సంఘంవారు వేరు పద్ధతి పెట్టినారు: గడువు లోపల ఎవరి వేగం వారిది. మేము తొక్కినది ఈ రెండవ పద్ధతి. 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్ యాత్ర కూడ పందెంగా 1951తో ముగిసి, 90 గంటల గడువుతో ఇటువంటి యాత్రగా నిలిచినది.

ఇక గణితం మాస్టారి ప్రశ్న. 300 కిలోమీటర్లకు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. అనగా గంటకు 15 కిలోమీటర్లు. ఆ లెక్కన 200కు 13 గంటల 20 నిమిషాలే రావలె. దానిని గుండుగా పదమూడున్నర చేసినట్లున్నది.

ఆ పది నిమిషాల విలువ మాకు తిరుగుదారిలో తెలిసినది. చౌటుప్పల్ వద్ద, ఇంకా 50 కిలోమీటర్లుండగా, మధ్యాహ్నం రెండున్నరకు రసాయనశాస్త్రం మాస్టారికి పిక్క పట్టేసినది. ఉదయం నుండి ఆయన తిన్నది రెండు అరటిపండ్లు మాత్రమే. శరీరంలో గ్లైకోజెన్ రూపంలో నిలువ ఉండే శక్తి సుమారు రెండువేల కిలోకెలరీలు. ఇంత దూరానికి మూడువేల పైచిలుకు కావలె. గ్లైకోజెన్ గురించి ఏటేటా పాఠం చెప్పే మనిషి! “మీరు ముందుకు పోండి మాస్టారూ, నేను బస్సులో వస్తాను” అన్నారు. గడువు గురించి నాకూ ఆశ ఉన్నది; ఒక్క క్షణం పోదామనే అనిపించినది. గణితం మాస్టారు మాట్లాడక, ఉప్పు కలిపిన మజ్జిగా, బెల్లం ముక్కా తెచ్చి ఆయన చేతిలో పెట్టినారు.

ఇరవై నిమిషాల తరువాత లేచినాము. ఎదురుగాలి. గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. నిశ్చలమైన గాలిలో 15 నుండి 20 కిలోమీటర్లకు వేగం పెంచితే అది రెండింతలకు మించుతుంది; ఎదురుగాలిలో సంగతి చెప్పనక్కరలేదు. ముందరి సైకిలుకు దగ్గరగా వెనుక నడిచేవానికి ఈ భారం చాలా తగ్గుతుంది. అందుచేత మేము ముగ్గురం పది నిమిషాల కొకరం వంతున ముందు నడిచి, ఆయనను వెనుక నీడలో ఉంచినాము. దెగ్రాఁజ్ పాత నియమమే తెలియకుండ పాటించినామన్నమాట.

చివరి ముద్ర పడేసరికి గడియారంలో 6 గంటల 24 నిమిషాలు. నాలుగు కార్డుల మీదా ఒకే సమయం వ్రాసినారు.