గిటారులో నాదముల కలయిక

విద్యుత్ గిటారు యొక్క ఉక్కు తంత్రుల క్రింద అయస్కాంతములు, వాని చుట్టు సన్నని రాగితీగ చుట్టలు ఉండును. వీనికి పికప్‌లని పేరు. తంత్రి కంపించినపుడు అయస్కాంత క్షేత్రము మారి, చుట్టలో విద్యుత్తు ప్రేరితమగును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. తంత్రి కొనకు చేరువనున్న పికప్ పదునైన నాదమును, నడుమకు చేరువనున్నది నిండైన నాదమును ఇచ్చును.

1950లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ రెండు పికప్‌ల బ్రాడ్‌కాస్టర్ గిటారును తయారుచేసెను. మరుసటి సంవత్సరము దాని పేరు టెలికాస్టర్‌గా మారెను. అందులో ఒక నాబ్‌ను త్రిప్పి, కొన పికప్ నాదమునకు రెండవదానిని వలసినంత కలుపవచ్చును. 1952లో ఈ ఏర్పాటును తొలగించిరి. రెండు పికప్‌లను కలిపి పలికించు వీలు ఆ గిటారుకు తిరిగి 1967లో గాని రాలేదు.

1954 నాటి స్ట్రాటోకాస్టరుకు మూడు పికప్‌లు. మీటకు మూడే స్థానములు. ఒక్కొక్క స్థానమున ఒక్క పికప్ మాత్రమే పలుకును. వాద్యకారులు మీటను రెండు స్థానముల నడుమ నేర్పుతో నిలిపి, రెండు పికప్‌లను ఒకేసారి పలికించిరి. ఒకే తంత్రి కంపనమును రెండు చోట్ల గ్రహించుటచే కొన్ని అనుస్వరములు బలపడి, కొన్ని క్షీణించి, క్రొత్త నాదము పుట్టినది. 1977లో ఫెండర్ సంస్థయే ఐదు స్థానముల మీటను అమర్చెను.

అయినను మీట పికప్‌లను ఎన్నుకొనును గాని వాని పాళ్ళను నిర్ణయింపదు. ఆ ఐదు స్థానములలో దేనియందును మొదటి, చివరి పికప్‌లు కలిసి పలుకవు. అందుచే కొందరు లోపలి తీగల అమరికను మార్చి, ఒక నాబ్‌కు పొటెన్షియోమీటరు తగిలించి, ఆ రెండింటిని కోరిన పాళ్ళలో కలుపుకొనుచున్నారు. 1952లో తొలగిన సౌకర్యమును వారు ఇట్లు తమ చేతులతోనే తిరిగి తెచ్చుకొనిరి.