వైద్య సూచికలు - వెదకవలసిన పదము

గుండెపోటును గురించి వెలువడిన వ్యాసములేవి అని ఒక వైద్యుడు గ్రంథాలయమును అడిగినాడనుకొందము. ఆ వ్యాధిని ఒక రచయిత గుండెపోటు అనును; మరియొకడు మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్ అనును. ఒక్క పేరే పట్టుకొని వెదకినచో రెండవ రచయిత వ్రాసినది చేతికి రాదు. రోగికి అక్కరకు వచ్చు వ్యాసమే అట్లు తప్పిపోవచ్చును.

ఈ చిక్కును తొలగించుటకై అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము 1960లో వైద్య విషయ శీర్షికల పట్టికను ప్రకటించినది. రచయిత ఏ మాట వాడినను సూచికలో ఒకే శీర్షిక క్రింద చేర్తురు. క్యాన్సరు వ్యాసములకు అందు 'నియోప్లాజమ్స్' అనునదే ఇల్లు. 1964లో మెడ్‌లార్స్ అను గణకయంత్ర పద్ధతి నడకలోకి వచ్చినది. వైద్యుల ప్రశ్నలను గ్రంథాలయ నిపుణులు శీర్షికలుగా మార్చి యంత్రమునకు అందించెడివారు. అది అయస్కాంత టేపులను చదివి జాబితాను అచ్చువేసెడిది.

ఇంత ఏర్పాటు జరిగినను ఫలితమెట్లున్నది? ఎఫ్. డబ్ల్యు. లాంకాస్టర్ సుమారు 300 వెదుకులాటలను పరీక్షించి 1968లో నివేదిక వెలువరించినారు. పనికివచ్చు వ్యాసములలో సగటున నూటికి 58 మాత్రమే దొరకినవి. దొరకినవానిలో సగము పనికిరానివి. తప్పు యంత్రముది కాదు. సూచిక వ్రాసినవారు కొన్ని విషయములను విడిచిరి. వెదకువారు ఒక పేరు తలచి మరియొకటి మరచిరి.

అన్నిటికన్న వింతయైనది మరియొకటి కలదు. గ్రంథపాలకుని ఎదుట కూర్చుండి అడిగినవారికంటె, తమ అక్కరను సొంత మాటలలో జాబు వ్రాసి పంపినవారికే మేలైన ఫలితము లభించినది! ఎదుట కూర్చున్నప్పుడు ప్రశ్న పట్టికలోని శీర్షికలకు సరిపడునట్లు మెల్లగా రూపు మారెడిది. వైద్యునికి నిజముగా కావలసినది అక్కడనే జారిపోయెడిది. సాయము చేయబోయినవారే ప్రశ్నను కుదించినారన్నమాట.

1997లో పబ్‌మెడ్ అందరికిని ఉచితమైనది. టైపుచేసిన మాటకు తగిన శీర్షికను అదియే వెదకి కలుపుకొనును. కాని క్రొత్త వ్యాధికి శీర్షిక ముందుగా ఉండదు కదా! 2020 జనవరినాటి వ్యాసములలో '2019-ఎన్‌కోవ్' అనియు, 'క్రొత్త కరోనా వైరస్' అనియు కనబడును. కోవిడ్-19 అను పేరును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరి 11న ప్రకటించినది. అది పట్టికలో ప్రధాన శీర్షికగా చేరినది 2021 కూర్పులో. ఆ తొలి వారముల వ్యాసములు కావలసినవారు నేటికిని ఆ పాత పేర్లను కూడ జతపరచియే వెదకుచున్నారు.